రేడియో తట్టుకుంటుంది

ఆకాశం కాస్త నల్లబడగానే ఆయన ఇంట్లో ప్లగ్గులన్నీ పీకడం మొదలుపెట్టాడు. టీవీ, ఫ్రిజ్, వైఫై పెట్టె. చివరికి గోడ గడియారం వైపు కూడా అనుమానంగా చూశాడు.

"అది బ్యాటరీదండీ, వదిలెయ్యండి పాపం," అంది భార్య. "బాంబులతో కాపురం చేసిన మనిషికి మబ్బంటే ఇంత హడలేమిటో!"

"బాంబు ఎప్పుడు పడాలో మా లెక్కలో మేమే చెప్తాం. పిడుగు మమ్మల్ని అడగదుగా."

కూతురు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఉంది. రెండు బస్సులు మారి వచ్చింది, ఒక్క మాట తేల్చుకోవడానికి.

"నాన్నా, నీతో మాట్లాడాలి."

"ఉరుములు తగ్గనీ అమ్మలూ," అని ఆయన ఫ్రిజ్ వైరు చుట్ట చుట్టి పైన పెట్టి, కుర్చీలో వాలాడు. ఉరుములు తగ్గాయి. ఆయన ఇక లేవలేదు.

అణుబాంబు పేలితే వచ్చే కిరణాలు యుద్ధ వాహనాల్లోని యంత్రాలను ఏం చేస్తాయో కంప్యూటర్‌లో లెక్కకట్టడం ఆయన ఉద్యోగం. నిజం బాంబును ఎన్నడూ చూసినవాడు కాదు. రేకు మందం, చిప్పు కొలతలు ఇస్తే చాలు, కోట్లకొద్దీ కిరణాలను వదిలి, ఏది రేకులో ఆగిందో, ఏది లోపలిదాకా వెళ్లి చిప్పు మతి పోగొట్టిందో చూసుకునేవాడు. లెక్క తెమలడానికి చాలాసేపు పట్టేది. అక్కడ ప్రపంచం కాలిపోతుంటే ఆయన కిందికెళ్లి కాఫీ తాగొచ్చేవాడు.

ఆఫీసు మాట బయటకి పొక్కకూడదు. అందుకే ఎవరడిగినా "రేడియోల పనండీ" అనేవాడు. అబద్ధమేం కాదు, ఎక్కువగా లెక్కకట్టింది వాహనాల్లోని రేడియోలకే. దాంతో వీధివీధంతా పాడైన రేడియోలు చంకన పెట్టుకుని వచ్చింది. కాదనలేక, వేళ్లు కాల్చుకుంటూ రిపేరు నేర్చుకున్నాడు. అణుయుద్ధాన్ని తట్టుకునే రేడియో ఎలా ఉండాలో చెప్పగల మనిషి, ఎదురింటి తాతగారి సెట్టులో గరగర మాత్రం ఎంత తంటాలుపడ్డా పోగొట్టలేకపోయాడు.

కూతురు కాలేజీలో ఉండగా, ఆఫీసు అచ్చుకి ఒప్పుకున్న ఒక వ్యాసం మీద తండ్రి పేరు చూసింది. ఆ పూట భోజనాల దగ్గర అడిగింది.

"బాంబు పడ్డాక కూడా రేడియో పలుకుతుందా నాన్నా?"

"నిక్షేపంగా."

"మరి అందులో మాట్లాడేవాడు?"

ఆయన కంచంలోకి చూస్తూ, "అది మా లెక్కలోకి రాదు," అన్నాడు.

"భలే లెక్క! పెట్టె బాగుంటే చాలు, మనిషి ఏ గంగలో కలిసినా ఫర్వాలేదన్నమాట."

ఆయన మంచినీళ్లు తాగి లేచిపోయాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా "తిన్నావా", "చేరావా" తప్ప మాటల్లేవు. తండ్రిది అంత రాతిగుండె అని ఆమెకి నమ్మబుద్ధయ్యేది కాదు. కాదనుకోవడానికి ఆధారమూ దొరకలేదు. ఏళ్లు గడిచాక, ఆ జవాబు నిజంగా నీదేనా అని అడిగేద్దామనే ఆ ఉరుముల రోజు వచ్చింది.

పరామర్శకు వచ్చినవాళ్లకి పాలు లేని కాఫీ దక్కింది. ఫ్రిజ్ ప్లగ్గు తిరిగి పెట్టాలని ఎవరికీ తట్టలేదు. ఆఫీసులో పక్క సీటాయన ఆ చేదంతా ఓపిగ్గా తాగాడు.

"మీ నాన్నకి ప్రమోషన్ ఎందుకు రాలేదో తెలుసా అమ్మా?"

"ఎవరితోనూ కలవరని అమ్మ అనేది, అంకుల్."

"కలవకపోవడం కాదమ్మా, వదలకపోవడం! రేడియో తట్టుకుంటుందని తేలగానే మేమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. ఈయన చెయ్యెత్తేవాడు. 'మరి మనిషి?' అని. 'అది మన లెక్కలోకి రాదయ్యా' అని పై ఆఫీసరు కసురుకునేవాడు. మళ్లీ మీటింగ్, మళ్లీ అదే చెయ్యి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"అక్కడి మాట ఇంట్లో చెప్పనని సంతకం పెట్టాడు కదా. అందులో మహా చాదస్తుడు." ఆయన నవ్వబోయి ఆగాడు. "అసలు మేమెవరమూ ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లం కాదమ్మా. వరండాలో ఎదురైతే, 'అదిగో, మరిమనిషిగారొస్తున్నారు' అనేవాళ్లం."