కారం లేని కాయ

ఆ ఏడు నాన్న కారం లేని మిరప వేశాడు. కొరియాకు సరుకు పంపే కంపెనీ ఒకటి విత్తనం ఇచ్చింది, వాళ్ళకు రంగు ఉంటే చాలట. కాయ ముడతలు పడి ఎర్రగా ఉండేది, నాలుక మీద పెట్టుకుంటే ఏమీ ఉండేది కాదు. మా వైపు దాన్ని ఎవరూ కొనరు. కంపెనీ వద్దంటే పంటంతా కల్లంలోనే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

నాయనమ్మకు ఆ పంటంటే సిగ్గు. ఏటా కొత్త కాయతో కొరివికారం నూరి వీధంతా పంచేది. ఈసారి పక్కింటి అత్త ఖాళీ గిన్నె తెచ్చిస్తూ, పిల్లలకు జామ్ బదులు బ్రెడ్డు మీద రాస్తున్నానంది. నాయనమ్మ రెండు రోజులు అరుగు మీదకు రాలేదు.

కొరియా నుంచి సరుకు చూడ్డానికి మనిషి వస్తున్నాడని తెలిసింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకే. నవలలు చదువుతాను గానీ ఎదురుగా మనిషి నిలబడితే నోరు ఎండిపోతుంది. డైరీలో వాక్యాలు రాసుకుని బట్టీ పట్టాను.

ఆయన వచ్చే పొద్దున కల్లంలోకి వెళ్తే, ముడతకాయల మధ్య సన్నటి నున్నటి కాయలు కనిపించాయి. ఇంటి వాడకానికి గట్టు వెంట వేసుకున్న మా పాత కాయ. నాయనమ్మ రెండు గంపలు తెచ్చి కలిపింది.

"కొరియావాళ్ళూ క్యాబేజీకి కారం పట్టించి అన్నంలో తింటారని నువ్వేగా చెప్పావు. కారం లేకపోతే ఎట్టా తింటారే? మీ నాన్న పరువు పోకూడదని కలిపా."

ఘాటు ఉంటే సరుకు తీసుకునేది లేదని ఒప్పందం కాగితంలో ఉంది. అది నాన్నకు చదివి వినిపించింది నేనే.

కారు వచ్చేసింది. ఆయన బూట్లు విప్పి, కాయ ఆరబోసిన పట్టా మీదకు వచ్చి, నాయనమ్మకు నడుం వంచి దండం పెట్టాడు. నమూనాకు గుప్పెళ్ళతో కాయ తీసి సంచిలో పోసుకుంటున్నాడు. నాన్న మజ్జిగ తెమ్మని నాకు సైగ చేశాడు. నేను కదల్లేదు. ఊరుకుంటే ఇవాళ్టికి గడిచిపోవచ్చు. సముద్రం దాటాక తెలిస్తే, ఆ తర్వాత మా కాయ ముట్టుకునేవాళ్ళే ఉండరు.

బట్టీ పట్టినవాటిలో ఆ వాక్యం లేదు. రెండు రకాలు కలిశాయని ఎలాగో చెప్పాను. ఎందుకు కలిశాయని అడిగితే, నాయనమ్మ అన్నదంతా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వలేదు. సంచిలోని కాయ తిరిగి పట్టా మీద పోసేశాడు. వారంలో మళ్ళీ వస్తానన్నాడు, అప్పుడు ఘాటు తగిలితే సరుకే వద్దన్నాడు. అది నాన్నకు తెలుగులో చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆ రోజు నుంచీ ఏరుతున్నాం. విరగని కాయ కంటికే తెలుస్తుంది. విరిగిన ముక్కలు తెలియవు. నాయనమ్మ ఒక్కొక్కటీ నాలుకకు ఆనించి చూసి, చప్పటివి ఒక పక్కకు, కారపువి ఒక పక్కకు వేసేది. ఆరో రోజు మధ్యాహ్నం ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలి, మా పాత కాయ ఒకటి తీసి కొరికింది.

"అమ్మాయ్, నాకు కారం తెలియడం లేదే," అంది మెల్లగా. "ఎప్పటినుంచి తెలియడం లేదో కూడా తెలియదు."

చప్పటి పక్కన పోసిన కుప్ప అప్పటికి మోకాలెత్తు ఉంది. నేను దాని ముందు కూర్చుని మొదటి ముక్క నాలుక మీద పెట్టుకున్నాను.