ఆరుకీ ఎనిమిదికీ కుదిరిన పొత్తు

ఆసుపత్రిలో ఆమెను అందరూ లెక్కలమ్మ అనేవారు. వార్డులో దుప్పట్లు మార్చే ఆయాకి ఆ పేరెందుకంటే, ఎవరి డ్యూటీ ఎప్పుడు పడుతుందో నోటిలెక్కతోనే చెప్పేసేది. చదివింది ఏడో తరగతే అయినా ఎక్కాలు నాలుక చివర ఆడేవి.

ఆమెకి ఆరు రోజులకోసారి సెలవు. బస్సు డ్రైవరైన భర్తకి ఎనిమిది రోజులకోసారి. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మంచం మీద కూర్చుని, ఆరో ఎక్కం ఆమె, ఎనిమిదో ఎక్కం అతను చదువుకుంటూ పోయారు. ఇరవై నాలుగు దగ్గర ఇద్దరూ కలిశారు. బళ్ళో చెప్పిన క.సా.గు. చివరికి కాపురానికి పనికొచ్చిందని పడీపడీ నవ్వుకున్నారు. అప్పటినుంచీ ఇద్దరూ ఇంట్లో ఉండే ఆ రోజుకి ‘కసాగు’ అనే పేరు స్థిరపడిపోయింది. పిల్లలు లేని ఇల్లు. మిగతా సెలవుల్లో ఆమె ఒక్కతే గదులు కడుక్కుంటూ, కసాగు కోసం కబుర్లు దాచుకునేది.

ఒకరోజు పనికి వెళ్తుంటే బస్సులో భర్త స్నేహితుడు, కండక్టరు, పలకరించాడు.

“ఏం వదినా, నిన్న అన్నయ్యని కొంగున కట్టేసుకున్నావా? పేకాటకి పిలుద్దామంటే ఫోనే ఎత్తలేదు.”

“నిన్న ఆయన డ్యూటీకి వెళ్ళారుగా!”

“భలేదానివే! మాకూ సెలవు ఆరు రోజులకోసారి చేసి ఏడాది కావస్తోంది. నిన్న అన్నయ్యకి ఆఫ్.”

నిన్న ఆమెకీ సెలవే. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి, క్యారేజీ సర్ది, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఆరుకీ ఆరుకీ క.సా.గు. ఆరే. అంటే ఏడాదిగా తన ప్రతి సెలవూ అతని సెలవే. అయినా ఇరవై నాలుగో రోజున మాత్రమే, ఒక్కసారీ గురి తప్పకుండా, ఇంట్లో ఉన్నాడు. మధ్యలో మూడేసి సెలవులు లెక్కపెట్టుకుని మరీ దాటేశాడు. ఆమె దిగాల్సిన స్టాపు వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను చెప్పులు విప్పకముందే అడిగింది.

“నిన్న ఏ రూటండీ?”

“ఎప్పుడూ వెళ్ళేదే.”

“ఆరుకీ ఆరుకీ కసాగు ఎంత?”

అతను గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. “డిపో వెనక రెస్ట్ రూములో పడుకుంటున్నానే. ఇంకేం లేదు, ఒట్టు. బస్సులో రోజంతా జనం గోల. ఇంటికొస్తే నువ్వు మొదలెడతావు. కాస్త మాట వినబడని చోటు కావాలనిపించింది.”

“ఇంకొకతె ఉందన్నా బాగుండేది. తిట్టుకోడానికి ఓ మొహం దొరికేది. మాట్లాడకే అని ఒక్క ముక్క చెప్తే నోరు మూసుకుని కూర్చునేదాన్ని కాదూ?”

ఆ వారంలోనే ఆమె హెడ్ సిస్టరుని అడిగి ఆసుపత్రి వంటగదికి మారింది. అక్కడ ఏడు రోజులకోసారి సెలవు. ఆరుకీ ఏడుకీ నలభై రెండు దాకా పొత్తు కుదరదు. తెలిసే అడిగింది.

సంగతి విని అతను తెల్లబోయాడు. “మరి మన కసాగు ఎప్పుడే?”

“మీరే కట్టండి. ఏడాది పొడుగునా లెక్క తప్పని మనిషి కదా!”