పక్కవాడి ముళ్లు

ఆ ఏడాది యిహ్యె తన దానిమ్మతోటలో వంగి ఒక్క రాయి తీయలేదు. దున్నలేదు, కొమ్మ కత్తిరించలేదు. ఎవరైనా లోపలికి వచ్చి పండు కోసుకునేలా, గేటు మూసుకోకుండా బండరాయి అడ్డం పెట్టాడు. అది షెమిటా, యూదుల ధర్మం ప్రకారం భూమికి విడుపిచ్చే ఏడో ఏడు. మా మోషావ్‌లో, అంటే మా సహకార రైతుల ఊళ్లో, చాలామంది ఏదో ఒక వెసులుబాటు చూసుకుని సేద్యం సాగించారు. యిహ్యె చూసుకోలేదు. ఆ చెట్లు యెమెన్ నుంచి వచ్చిన తండ్రి నాటినవి. తండ్రి ఎలా పాటించాడో కొడుకూ అలాగే పాటించాడు.

మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు. పోయిన షెమిటాలో పక్క ద్రాక్షతోట అమ్రమ్ తన పొలంలో రాళ్లు ఏరుతుంటే చూశాడు. ఎవరి పొలంలో వాళ్లు రాళ్లూ ఎండుగడ్డీ ఏరితే వచ్చే పంటకు నేల సిద్ధం చేసుకున్నట్టే, అది తప్పు. పక్కవాడి పొలంలో అయితే తన అవసరానికి ఏరుకోవచ్చు. అదీ అతనికి మేలు చేద్దామని కాకూడదు. నీది నేను ఏరతాను, నాది నువ్వు ఏరు అని మాట్లాడుకోకూడదు. ఈ సంగతి చాటుగా చెబితే సరిపోయేది. యిహ్యె శనివారం ప్రార్థన అయ్యాక నలుగురిలో నిలబెట్టి చెప్పాడు. "రాళ్లు తర్వాత, ముందు నీ సిగ్గు ఏరుకో" అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఈసారి వేసవి చివరికి, దున్నని నేలలో ముళ్లమొక్కలు ఛాతీ ఎత్తుకు లేచి ఎండిపోయాయి. మంటల భయం ఉంటే వేరు కదపకుండా పైపైన కోయవచ్చు. ఇద్దరూ లోయవైపు అంచున కోశారు. కోసినవి కోసినచోటే పడి ఉన్నాయి. ఎత్తివేయడానికి ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆ మధ్యాహ్నం తూర్పు వడగాలి లేచింది. లోయలో ఎక్కడో పైన్ చెట్లు అంటుకున్నాయి. పోలీసు జీపు వీధివీధీ తిరిగి, ఇళ్లు వదిలి బడి దగ్గరకు చేరమని మైకులో చెప్పసాగింది.

యిహ్యె భార్య బద్రా మూటలు సర్ది పికప్ బండిలో కూర్చుంది. ఆయన ఎక్కలేదు. తోట అంచున నిలబడి ఆ ముళ్లను చూస్తున్నాడు.

"ఏమయ్యా, చూస్తే అవి లేచి నడిచిపోతాయా? మంట వస్తే ముందు అంటుకునేది అవే. ఎత్తి అవతల పారెయ్!"

"నా పొలంలో నేను ఎత్తను."

"ధర్మం చెప్పే రబ్బీ ఉన్నాడుగా, ఆయన్ని అడుగు. ఇదిగో ఫోను."

"అడిగితే ఆయన ఎత్తెయ్యమనే అంటాడు. రేపు అమ్రమ్ మొహం ఎట్లా చూడను?"

"ఆ మొహం నువ్వు చూసి ఎన్నేళ్లయింది! చెట్లు కావాలా, నీ మాట కావాలా?"

పొగ గట్టు దాటి పైకి వస్తోంది. యిహ్యె పంగలకర్ర భుజాన వేసుకుని నడిచాడు, తన తోటలోకి కాదు, అమ్రమ్ ద్రాక్షతోటలోకి. అక్కడి ముళ్లను పొడిచి ఎత్తి, చక్రాలబండిలో వేయడం మొదలుపెట్టాడు.

నీళ్ల గొట్టాలు లాగుతున్న అమ్రమ్ పరుగున వచ్చాడు.

"ఏయ్ పెద్దమనిషీ! నా తోటలో ఏం పని నీకు?"

"ముళ్లు ఏరుకుంటున్నా."

"ఎందుకు?"

"పొయ్యిలోకి."

"కొండంతా పొయ్యిలాగే ఉంది కదయ్యా, ఇంకా నీకు పొయ్యి దేనికి?"

"షెమిటా ఏడు. నీ గేటూ తీసే ఉంది. ఏరుకోకూడదా?"

అమ్రమ్ అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "ఈసారి నేనొక్క పుల్ల ముట్టలేదు, తెలుసా? నువ్వు చూస్తావని. మళ్లీ నలుగురిలో కడిగేస్తావని."

యిహ్యె తల ఎత్తలేదు. కర్రతో మరిన్ని ముళ్లు ఎత్తాడు. గాలి మళ్లి ఇద్దరి మీదా బూడిద రాలింది.

అమ్రమ్ గొట్టం కింద పడేసి వెళ్లిపోయాడు. అతను ఎటు వెళ్లాడో యిహ్యె చూడలేదు. చూస్తే బదులు అడిగినట్టవుతుందని భయపడ్డాడేమో. చక్రాలబండి నింపడం, రోడ్డు అవతల తన పెరట్లో కుమ్మరించడం, మళ్లీ రావడం. మూడోసారో నాలుగోసారో తిరిగి వస్తుంటే కంచె అవతల తన దానిమ్మల కింద దగ్గు వినిపించింది. అమ్రమ్ ముళ్లు మోపులుగా కట్టి వీపున మోస్తున్నాడు.

"మా ఇంట్లోనూ పొయ్యి ఉంది!" అని అరిచాడు.

పోలీసులు వాళ్లిద్దరినీ బలవంతంగా జీపు ఎక్కించే సమయానికి యిహ్యె తోటలో లోయవైపు మూల ఒక్కటి మిగిలిపోయింది.

మర్నాడు ఊళ్లోకి వదిలారు. మంట అంచుదాకా వచ్చింది. నేల మీద పట్టుకోవడానికి ఏమీ దొరక్క, కంచె కర్రలు తిని, పక్కకు తిరిగి లోయలోకే పోయింది. ముళ్లు మిగిలిన ఆ మూలన మాత్రం దానిమ్మలు నల్లగా నిలబడి ఉన్నాయి.

యిహ్యె ఇంటికొచ్చి, తెచ్చిన ముళ్లతో మట్టిపొయ్యి వెలిగించమన్నాడు. పొయ్యిలోకని చెప్పి తెచ్చాడు కనుక అది అబద్ధం కాకూడదు. బద్రా రొట్టెలు కాల్చి, రెండు గుడ్డలో చుట్టింది.

"అమ్రమ్‌కి పంపనా?"

"వద్దు. మేలుకు బదులు చెల్లించినట్టవుతుంది."

"నీతో వేగలేను బాబూ!"

సాయంత్రం అమ్రమ్ వచ్చాడు. ఏడాదంతా తెరిచే ఉన్నా, ఆ గేటు దాటి అతను పండు కోసం రావడం అదే మొదలు. ఎవరినీ పిలవకుండా పండిన దానిమ్మ ఒకటి కోసి, అక్కడే పగలగొట్టుకుని తిన్నాడు. యిహ్యె గుమ్మంలోంచి చూశాడు.

"నీ గట్టు పక్కన రాళ్లు చాలా ఉన్నాయి" అన్నాడు అమ్రమ్, గింజలు నములుతూ. "మా ఇంటి గోడకు పనికొస్తాయి."

"నన్ను అడక్కు."

"అడగట్లేదు" అని అమ్రమ్ వంగి మొదటి రాయి ఎత్తాడు.