నీడకు కట్టిన దూడలు

ఆమె పశువైద్యురాలు కావాలనుకున్నది జాలి వల్ల కాదు. జాలి మరీ ఎక్కువైనవాళ్ళు సూది గుచ్చలేరని ఆమె చిన్నప్పుడే గ్రహించింది. ఆమెను ఆకర్షించినది ఖచ్చితత్వం: నోరులేని జీవి జబ్బును దాని నడక నుంచి, పేడ నుంచి, ఊపిరి నుంచి తర్కించి పట్టుకోవడం. మార్కులు మాత్రం మొదటి ఏడు సరిపోలేదు. పరిశోధనానుభవం, ప్రొఫెసరు సిఫారసు లేఖ ఉంటే మరుసటి ఏడు సీటు దక్కవచ్చునని విని, పశుశాస్త్ర విభాగంలో దాణా ప్రయోగానికి సహాయకురాలిగా చేరింది.

ఇరవై నాలుగు దూడలు. సగానికి పాత దాణా, సగానికి కొత్తది. వారానికొకసారి, మేతా నీళ్ళూ ముట్టకముందే తూకం. కొట్టం చూసుకునే మనిషికి యాభై నిండకపోయినా అందరూ తాత అనేవారు.

“డాక్టరమ్మవైతే ముందు నా మోకాలు చూడాలి అమ్మాయ్.”

“నేనయ్యేది పశువుల డాక్టర్ని తాతా.”

“ఇరవై ఏళ్ళుగా వీటి మధ్యే పడున్నా. నన్ను మనుషుల్లో ఎవరు కలిపారు గనక?”

ఎండలు ముదిరాక, పాత దాణావాటి తర్వాత రెండో వంతులో తూగవలసిన కొత్త దాణా దూడలు అంతసేపు ఎండలో నిలబడలేక అరిచేవి. “కాస్త నీడకు కట్టు తాతా,” అన్నది ఆమే. నీడ ఉన్నది నీళ్ళ తొట్టి పక్కన. ఆ సంగతి ఆమెకు తట్టలేదు. తాతకు తట్టినా, చదువుకున్న పిల్ల చెప్పిందంటే ఏదో లెక్క ఉండే ఉంటుందనుకున్నాడు.

ప్రయోగం ముగిసేనాటికి కొత్త దాణా దూడలు సగటున మూడు కిలోలు ఎక్కువ తూగాయి. చివరి తూకంలో కాటా ఎక్కిన దూడ మూతి నుంచి నీళ్ళు కారుతుండడం చూసి ఆమె తొట్టి వైపు తిరిగింది. ఆ మూడు కిలోలూ నీళ్ళే.

ప్రొఫెసరు సాంతం విన్నాడు.

“రిజిస్టరులో రాశావా?”

“లేదండి. ఇవాళే గమనించాను.”

“అయితే అది పరిశీలన కాదమ్మా, అనుమానం.” సంతకం కాని సిఫారసు లేఖను బల్ల మీద ఆమె వైపు తిప్పాడు. “ఇది ఈ వారమే వెళ్ళాలి కదూ?”

ఇంట్లో, కుట్టుమిషను ఆపకుండానే తల్లి అంది: “దూడలకే పట్టని సంగతి నువ్వెందుకే నెత్తినేసుకుంటావ్? ముందు డాక్టరవ్వు. తర్వాత ఎన్ని నిజాలైనా చెప్పుకో.”

నిజాన్ని వాయిదా వేయవచ్చునని నమ్మడమే అబద్ధపు తొలి రూపం. ఆ దశలో ఇంకా ఎవరూ అబద్ధమాడి ఉండరు గనక అది హాయిగానే ఉంటుంది. ఆమె ఊరుకుంది. సీటు వచ్చింది.

ఆమె చదువు రెండో ఏట, మరో కళాశాలవారు అదే ప్రయోగం చేస్తే తేడా ఏమీ తేలలేదు. విచారణ సంఘం కూర్చుంది. కొట్టం మనిషి ఎవరికీ చెప్పకుండా దూడలను తొట్టి దగ్గర కట్టాడని ప్రొఫెసరు రాసిచ్చాడు. ఆమెను సాక్షిగా పిలిచారు. తప్పు తెలిసీ దాచి సీటు పొందినట్టు రుజువైతే ప్రవేశం రద్దవుతుందని నోటీసులో ఉంది.

విచారణ గది ముందు వరండాలో బల్ల మీద తాత, ఇస్త్రీ చొక్కాలో.

“వచ్చావా అమ్మాయ్! నీడకు కట్టమన్నది నువ్వేనని ఆ ఒక్క ముక్క చెప్పు చాలు. నా ఉద్యోగం నిలబడుద్ది. నిన్నెవరూ ఏమనర్లే, చదువుకునే పిల్లవి.”

ఆమె తలూపింది.

లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. “అక్కడ కట్టమని అతనికి ఎవరైనా చెప్పారా?”

చెప్పవలసినది నాలుగే మాటలు. వాటి తర్వాత రెండో ప్రశ్న వస్తుంది: ఎప్పుడు గమనించావు? ఆ తర్వాత మూడోది. తర్కించడం బాగా నేర్చినది గనక ఆమెకు ఆ వరుస చివరి దాకా కనిపించింది.

“నాకు గుర్తు లేదండి.”

“సరే, వెళ్ళమ్మా. నీకు క్లాసుంది కదా.”

ఆ గదికి వెనకవైపు ఇంకో తలుపు ఉంది. ఆమె అటుగా వెళ్ళిపోయింది.