మూడు నిమిషాలకు నూరు చుట్లు

తప్పు ఉందని నాకు ముందే తెలుసా, తెలియదా? తొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒకరోజు తెలిసే ఊరుకున్నాననిపిస్తుంది. మర్నాడు, నాకెలా తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకుంటాను. ఇప్పుడు కాగితం మీద పెడితేనైనా తేలుతుందేమో చూడాలి.

నేను యూనివర్సిటీ ప్రెస్సులో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. మధ్యాహ్నం రెండయ్యేసరికి నా కాగితాలు అయిపోయేవి. అప్పుడు పక్కనున్న లైబ్రరీకి వెళ్ళి, రెండో అంతస్తు చివర ఉన్న పాటల గదిలో కూర్చునేవాణ్ణి. ఆ గదిలో ఆరు కుర్చీలు, ఆరు హెడ్‌ఫోన్లు, గోడల నిండా గ్రామఫోను రికార్డులు ఉండేవి. పడమటి కిటికీ పక్కన రికార్డులు తిప్పే యంత్రం. దాని వెనక సూది మాస్టారు.

ఆయన ఎవరికీ పాఠం చెప్పిన మాస్టారు కాదు. ఉద్యోగం గుమాస్తాది. రికార్డు మీద పెట్టే సూదిని మరొకరి చేతికివ్వడు కాబట్టి ఏ తరం పిల్లలు పెట్టారో గానీ ఆ పేరు స్థిరపడిపోయింది. జీతం కాగితం మీద ఒక్కచోటే ఆయన అసలు పేరు కనిపించేది. ప్రతి రికార్డుకూ ఒక అట్టముక్క రాసిపెట్టేవాడు: రెండో వైపు మూడో పాట దగ్గర గీత ఉంది, సూది ఎత్తి దాటించాలి, మొదటి పాటకి ముందు ఎవరో దగ్గుతారు, కంగారుపడొద్దు. నన్ను ‘ప్రూఫుగారూ’ అని పిలిచేవాడు. మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. వినే గదిలో మాట్లాడితే తనే ఊరుకోడు.

ఆ ఏడాది వేసవి ముందు, విద్యార్థులందరికీ ఒక పాటల యాప్‌ను ఉచితంగా ఇవ్వడానికి యూనివర్సిటీ ఒప్పందం చేసుకుంది. గుర్తింపు కార్డు నంబరు కొడితే చాలు, కోట్ల పాటలు. పిల్లలకి పండగే. ఒకమ్మాయి గుమ్మంలోంచే అరిచి చెప్పింది.

“మాస్టారూ, ఇంక మెట్లెక్కి రానక్కర్లేదు! దుప్పట్లో పడుకునే వినొచ్చు!”

“దుప్పట్లో వింటే నిద్రొస్తుందమ్మా. ఇక్కడైతే లేపడానికి నేనున్నాను.”

నవ్వాడు గానీ, సంగతి అర్థమైంది. వారం తిరక్కుండానే కాగితం వచ్చింది. యాప్‌లో ఉన్న పాటల రికార్డులు తీసేస్తారు. లేనివి మాత్రం దాస్తారు. ఏవి ఉన్నాయో, ఏవి లేవో కంప్యూటరు విభాగం సరిచూసింది: పద్దెనిమిది వందల పైచిలుకు రికార్డుల్లో యాప్‌లో లేనివి పదకొండు.

ఆ జాబితా తయారుచేసింది మాస్టారి సొంత మేనకోడలు. చెల్లెలి కూతురు. చదువుకునే రోజుల నుంచీ ఆయన ఇంట్లోనే పెరిగింది. జాబితా ఇవ్వడానికి తనే వచ్చింది.

“పదకొండా?” అన్నాడు మాస్టారు. “ఎలా చూశావే?”

“పాట పేరు, పాడినవాళ్ళ పేరు. రెండూ కలిస్తే ఉన్నట్టే కదా మావయ్యా.”

“ఇరవై ఏళ్ళప్పుడు పాడిన పాటా, అరవై ఏళ్ళప్పుడు మళ్ళీ పాడిన పాటా ఒకటేనా? పేరొక్కటే, గొంతు వేరు. నీ చిన్నప్పటి ఫొటో చూసి నిన్ను ఆఫీసులోకి రానిస్తారా?”

“కంప్యూటరుకి చెవులుండవు మావయ్యా.”

“నాకున్నాయిగా.”

అప్పటికప్పుడు లైబ్రేరియన్ మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. నన్నూ వెంటబెట్టుకుపోయాడు, సాక్షిగా కాబోలు. ఆవిడ చెడ్డమనిషి కాదు. నిక్కచ్చి మనిషి.

“విని చూడండి. గది ఖాళీ చెయ్యడానికి యాభై రెండు పనిదినాలున్నాయి. ఏది ఎందుకు వేరో ఒక్కో వాక్యం రాసివ్వండి. వేరని తేలినవి మూడు వందలు దాటితే గది ఉంచేద్దాం, మీరూ అక్కడే ఉండండి. దాటకపోతే ఆ తేలినవి పాత భవనం గిడ్డంగిలో బీరువాకి వెళ్తాయి, గది కంప్యూటర్లకి వెళ్తుంది. సరేనా?”

“సరే” అన్నాడు మాస్టారు. రెండో మాట లేదు.

మర్నాటి నుంచీ మొదలుపెట్టాడు. ఎడమ చెవికి రికార్డు, కుడి చెవికి యాప్. రెంటినీ ఒకే క్షణంలో మొదలుపెట్టి, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఒకటే అయితే రెండు చెవుల్లోంచీ వచ్చి తల మధ్యలో ఒక్క గొంతైపోతుందట. వేరైతే తలలో ఇద్దరు మనుషులు పోట్లాడుకున్నట్టు ఉంటుందట. ప్రతి వైపూ మొదటి నిమిషం, అనుమానం వస్తే పాటంతా. రోజుకి ముప్పై అయిదు రికార్డులు. పొద్దున తనే నోటుబుక్కులో రాసుకునేవాడు. రెండు దాటాక ఆయన చెప్తుంటే నేను రాసేవాణ్ణి: టైము, రికార్డు నంబరు, ‘అదే’ లేక ‘వేరు’, కారణం. ‘శ్రుతి తగ్గింది, నడక నెమ్మది, వేరే సారి పాడినది’ అని ఎన్నిసార్లు రాశానో.

ఇంటి నుంచి మాస్టారి భార్య ఫోను చేసేది. గదిలో మేమిద్దరమే కాబట్టి గట్టిగానే వినిపించేది.

“ఆ చెవులకి కాస్త విశ్రాంతివ్వండి. ఇంట్లో నా మాట ఒక్కటీ వినపడ్డం లేదు మీకు.”

“అది పెళ్ళైనప్పటి నుంచీ ఉన్నదేగా.”

“అంటే వినపడుతోందన్నమాట!”

నలభయ్యో రోజు సాయంత్రం లెక్క చూశాం. వేరైనవి మూడు వందల ఆరు. ఇంకా నాలుగు వందల రికార్డులు వినాల్సి ఉండగానే గీత దాటేశాం. మాస్టారు లేచి ఆరు కుర్చీలనీ ఒక్కొక్కటీ తుడిచాడు. వాటికి దుమ్మేమీ లేదు. ఆయన సంతోషం ఎప్పుడూ అలాగే బయటపడేది.

నా ప్రశ్న ఇక్కడుంది. ఆ నోటుబుక్కు రోజూ నా చేతిలో ఉండేది. పొద్దుటి పేజీల్లో ‘వేరు’ అన్న మాట అక్కడొకటి, ఇక్కడొకటి. నేను రాసిన మధ్యాహ్నపు పేజీల్లో వరసగా ఉండేది. ప్రూఫులు దిద్దేవాడి కన్ను అలాంటి వరసని చూడకుండా ఉండదు. చూసినట్టే గుర్తు. కానీ చూసి ఏమనుకున్నానో గుర్తులేదు. గది నిలబడుతోంది కదా అని పేజీ తిప్పేశానా?

పేజీ తిప్పనిది మేనకోడలు. నోటుబుక్కు తీసుకెళ్ళి కంప్యూటరులోకి ఎక్కించి, రెండు రోజుల తర్వాత వచ్చింది. అది లేక అందాకా మా పని ఆగింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

“మావయ్యా, ఒకటడుగుతాను, కోప్పడకూడదు.”

“కోపం వచ్చే మాటే అన్నమాట. అడుగు.”

“మధ్యాహ్నం అయ్యేసరికి నీ రికార్డులన్నీ మారిపోతున్నాయేంటి? మూడొందల ఆరులో రెండొందల నలభై, మధ్యాహ్నం రెండు దాటాక విన్నవే. అందరూ ‘నెమ్మది’గానే పాడారా? భోంచేసి పాడారా?”

మాస్టారు నవ్వలేదు. యంత్రం వైపు చూశాడు, తర్వాత కిటికీ వైపు. ఎండ సరిగ్గా యంత్రం మీద పడుతోంది. వేసవి ముదిరేకొద్దీ ముందుకు జరుగుతూ వచ్చి దాన్ని పూర్తిగా కప్పేసింది.

చిన్న కాగితం ముక్క చింపి, రికార్డు తిరిగే పళ్ళెం అంచుకి అంటించాడు. చేతిగడియారం విప్పి నా చేతిలో పెట్టాడు.

“మూడు నిమిషాలు చూడండి ప్రూఫుగారూ. నూరు చుట్లు తిరగాలి.”

కాగితం తన ముందుకు వచ్చినప్పుడల్లా వేలు ఆడించి లెక్కపెట్టాడు. నేను ‘అయింది’ అన్నాను.

“తొంభై ఏడు” అన్నాడు.

పళ్ళాన్ని తిప్పే లోపలి రబ్బరు పట్టీ ఎండకి మెత్తబడి జారుతోంది. యంత్రం నెమ్మదిస్తే శ్రుతి దిగుతుంది, పాట సాగుతుంది. అదే రికార్డు మరో మనిషి పాడినట్టు వినిపిస్తుంది. యాప్‌లోది అదే పాట. ఆయన చెవులు తప్పు చెప్పలేదు. యంత్రం చెప్పింది. ముప్పై ఏళ్ళ నుంచీ దాని పక్కనే కూర్చున్న మనిషికి దాని మీద అనుమానం రాలేదు.

ముందు నోరు తెరిచింది నేనే.

“మాస్టారూ, మేడమ్ అన్నీ విని చూస్తారా ఏంటి? ఎక్కువుంటే నష్టమేముంది? కొన్ని రికార్డులు అదనంగా బతుకుతాయి. గది ఉంటుంది.”

మేనకోడలు నేలకేసి చూస్తోంది. “నేను ఎవరికీ చెప్పలేదు మావయ్యా. నీ ఇష్టం” అంది మెల్లిగా.

“ఏదో ఒకటి తీసి విన్నారనుకో, అది యాప్‌లోదే అని తేలిందనుకో, మిగతావాటినెవరు నమ్ముతారే? అందులో ఒక పెద్దావిడ జ్వరంతో పాడిన పాట ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దాన్నీ నమ్మరు.” మాస్టారు సొరుగు లాగి కొత్త పట్టీ తీశాడు. “ముందు ఆ కిటికీ తెర వెయ్యి. మళ్ళీ వినాల్సినవి రెండొందల నలభై, మిగిలిన నాలుగొందలు. ఎన్ని రోజులున్నాయండీ?”

“పది.”

“రోజుకి అరవై నాలుగు. ఏడింటికి వస్తాను. మీరు రాగలరా?”

వస్తానన్నాను. సెలవు పెట్టి మరీ వెళ్ళాను. సిగ్గు అనండి, స్నేహం అనండి.

ఆ పది రోజులూ ఆయన తిండి అయిదు నిమిషాల్లో ముగించేవాడు. రెండేసి గంటలకోసారి చుట్లు లెక్కపెట్టేవాడు. నూరు వస్తేనే సూది దించేవాడు. మేనకోడలు ఆఫీసు అయ్యాక వచ్చి, యాప్ వైపు పాటలు వెతికి సిద్ధంగా పెట్టేది. ఎడమ చెవీ కుడి చెవీ కలిసి ఒక్క గొంతైనప్పుడల్లా మాస్టారు ‘అదే’ అనేవాడు, నేను పాత ‘వేరు’ని కొట్టేసేవాణ్ణి. ఒక్కో కొట్టివేతకీ గది గోడ నుంచి ఒక ఇటుక ఊడినట్టుండేది నాకు. ఆయన గొంతులో మాత్రం ఏ తేడా లేదు. మూడో రోజుకి వందకి పైగా పోయాయి. మూడు వందలు ఇక రావని ముగ్గురికీ అర్థమైంది. అయినా చివరి నాలుగు వందలకీ అంతే ఓపిక పెట్టాడు.

“ఇంకెందుకు మావయ్యా ఇంత కష్టం? ఎలాగూ గది పోతుందిగా” అంది మేనకోడలు ఉండబట్టలేక.

“గది నాది. పోతే పోనీ. ఇవి నావి కావుగా, ఎలా వదిలేస్తాను?”

చివరి రోజు లెక్క: కంప్యూటరు చెప్పిన పదకొండుతో కలిపి నూట నలభై. మేడమ్ గదిలో జాబితా పెట్టి, ముందు ఏం పొరపాటు జరిగిందో తనే చెప్పాడు. పట్టీ సంగతి, ఎండ సంగతి, మూడు వందల ఆరు సంగతి. ఆవిడ జాబితాలోంచి తనకు తోచిన అయిదు నంబర్లు గుర్తుపెట్టి, పైకి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, రెండు చెవులకీ రెండు పెట్టుకుని విన్నది. అయిదూ వేరే.

“ఒక్కటి కూడా తగ్గించను. నూట నలభై ఉంటాయి. వీటిని కంప్యూటరులోకి ఎక్కించి పిల్లలకి అందేలా చూస్తాను, రాసిస్తాను. గది విషయం మాత్రం…”

“మాట మాటేనండి” అన్నాడు మాస్టారు.

తర్వాతి సోమవారం గిడ్డంగి నుంచి వ్యాను వచ్చింది. ఆయన ఉద్యోగం కూడా అక్కడికే మార్చారు, ఊరికి ఆ చివర. నాలుగింటికి కింద హాల్లో వీడ్కోలు అనుకున్నాం. మేడమ్ మాట్లాడాలి, పాత విద్యార్థులు కొందరు వచ్చారు, నేనూ రెండు ముక్కలు రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నపు పేజీల సంగతి ఆయనకి చెప్పాలన్నది నా ఉద్దేశం.

మూడున్నరకే పెట్టెలు ఎక్కించేశారు. నేను మెట్ల మీద ఉండగా డ్రైవరు గొంతు వినిపించింది.

“తాళ్ళు కట్టాను సార్, ఏం కాదు. మీరు తర్వాత రండి.”

“గతుకుల్లో ఊగుతాయి. పట్టుకునే మనిషి ఉండాలి.”

నేను వాకిట్లోకి వచ్చేసరికి సూది మాస్టారు వ్యాను వెనక భాగంలోకి ఎక్కి, పెట్టెల మధ్య కింద కూర్చున్నాడు. ఒక చెయ్యి ఈ వరసకి, మరో చెయ్యి ఆ వరసకి అడ్డంపెట్టాడు. “నెమ్మదిగా పోనీ” అన్నాడు డ్రైవరుతో. మా ఎవరి వైపూ తలెత్తలేదు. తలుపు పడింది, వ్యాను గేటు దాటింది.