రేకుల మీద నక్క

దయ్యాల కబుర్లంటే నాకు మొదటినుంచీ విసుగు. నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

మాది కపిలేశ్వరపురం దగ్గర. గోదావరి లంకలో మాకు కొంచెం కొబ్బరితోట ఉంది. ఆ లంకలో నక్కలుండేవి. ఏటిగట్టు ఇవతల, మా ఊళ్లో ఎప్పుడూ లేవు.

ఆ ఏడు వరద ఒక్కసారిగా పెరిగింది. గేదెల కట్లు విప్పడానికి లంకలోకి వెళ్లిన నాన్నగారు తిరిగి రాలేదు. ఆ ఉరవడికి రెండు రోజులు ఎవరూ పడవ తియ్యలేదు.

నేను గట్టు మీదే ఉన్నాను. లంక మునిగిపోతుంటే నక్కలు ఏరు ఈదుకొచ్చి గట్టెక్కేవి. ఒళ్లు దులుపుకుని మా అరటితోటల్లోకి పోయేవి. నక్కలు వస్తున్నాయి, నాన్నగారు రారేమని ఏడ్చాను.

మూడోరోజు తెల్లవారుజామున వాన ఆగింది. పడవ నడిపే సూరిబాబు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"పదండి, ఏదైతే అదవుద్ది," అన్నాడు.

నాన్నగారు మోటారు షెడ్డు రేకుల మీద కనిపించారు. బతికే ఉన్నారు. పక్కన ఒక నక్క పడుకుని ఉంది.

"దాన్ని లేపకురా, అబ్బాయ్. ఇందాకే పడుకుంది. రెండ్రోజులూ నా పొట్టకానుకునే ఉంది, పాపం," అన్నారు.

సూరిబాబు తెడ్డుతో కదిపాడు. కర్రలా బిగుసుకుపోయింది. పొట్ట ఉబ్బి, ఈగలు ముసురుతున్నాయి. ఎడమ చెవి సగం లేదు.

"ఇది చచ్చి రెండ్రోజులయ్యుంటాదండీ."

"ఇంకోటేదో వచ్చుంటుంది," అన్నాను.

నాన్నగారు తల అడ్డంగా ఊపారు. "ఇదేరా. సగం చెవిది."

రేకుల నిండా నక్క అడుగులు, తడారని బురదతో. వాన ఆగకముందు పడినవైతే కొట్టుకుపోయేవి. చుట్టూ కనుచూపు మేర నీళ్లే. నాన్నగారి బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి, చొక్కా పొట్ట దగ్గర మాత్రం పొడిగా ఉంది. నేను చేత్తో తడిమి చూశాను. వెచ్చగా ఉంది.

అప్పుడు గట్టు దాటిన నక్కలు మళ్లీ లంకకి పోలేదు. ఇప్పుడు రొయ్యల చెరువుల గట్ల మీద పిల్లల్ని పెడుతున్నాయి.

నాన్నగారు దక్కలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆస్పత్రిలో నాలుగోరోజు, ఆయాసపడుతూ నన్ను దగ్గరికి పిలిచారు.

"ఒరే, అది గట్టెక్కిందా?"

"ఆయ్, ఎక్కేసిందండి," అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆఖరి నిమిషంలో ఆయనతో అబద్ధమాడానో, నిజమే చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.