వందన సమర్పణ దేవదానం

తెనాలిలో దేవదానాలు చాలామందే ఉన్నారు. వందన సమర్పణ దేవదానం మాత్రం ఒక్కడే. పట్టణ వైద్యుల సంఘానికి గుమాస్తా, జవాను, కాపలాదారు అన్నీ ఆయనే. మీటింగు కార్డులు రాసేది ఆయన, హాలు తాళం తీసేది ఆయన, కుర్చీలు వేసేది ఆయన, డాక్టర్లందరూ వెళ్ళిపోయాక ఫ్యాన్లు ఆపేదీ ఆయనే. ఇన్ని చేసినా రాని పేరు, మీటింగు చివర లేచి నిలబడి చెప్పే అయిదు నిమిషాల వందన సమర్పణతో వచ్చింది.

సొంత ఊరు రేపల్లె. లూథరన్ క్రైస్తవ కుటుంబం. కోతపండగనాడు గుడిలో గుమ్మడికాయ తెచ్చిన ఆసామి దగ్గర్నుంచి గుప్పెడు వడ్లు తెచ్చిన ముసలమ్మ దాకా ప్రతివాళ్ళ పేరూ చదివి కృతజ్ఞతలు చెప్పే పని కుర్రతనం నుంచీ ఆయనదే. "ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎందుకిచ్చారు. ఈ మూడూ చెప్పాలండి. లేకపోతే అది వందన సమర్పణ కాదు, ఉత్త పొగడ్త" అనేవాడు. చాదస్తం అని నవ్వేవాళ్ళు. చాదస్తమే, కాదని ఎవరన్నారు?

వైద్యుల సంఘం క్లాసులు మొదలైంది ఎనభై రెండులో. మొదలుపెట్టింది డాక్టర్ శ్రీరామచంద్రమూర్తిగారు. అప్పటికే జుట్టు నెరిసిన మనిషి, ముక్కు మీద కోపం. "కాలేజీ వదిలాక పుస్తకం ముట్టినవాడు మనలో ఎవడయ్యా? నెలకో ఆదివారం పొద్దున్నే కూర్చుందాం. ఎవరి కేసు వాళ్ళు చెప్పాలి. బాగుపడ్డదీ చెప్పాలి, చేతులారా చెడగొట్టిందీ చెప్పాలి. టీ మన చందాల్లోంచే తాగాలి" అన్నారు. బోర్డు మీద సుద్దముక్కతో బొమ్మలు, గ్లాసుడు టీ, రెండు బిస్కెట్లు. రేపల్లె నుంచీ బాపట్ల నుంచీ పాసింజరు బండెక్కి వచ్చేవాళ్ళు డాక్టర్లు. తప్పు ఒప్పుకున్నవాడి మీద అరుపులూ కేకలూ అయ్యేవి, ఆ తర్వాత అందరూ కాగితాల మీద రాసుకునేవాళ్ళు.

ఎనభై నాలుగులో ఒకసారి దేవదానం మైకు సెట్టు బ్రహ్మయ్యకు వందనాలు చెప్పడం మర్చిపోయాడు. అంతే! మరుసటి నెల ఆయన లేచేసరికి మైకు కీచుమంది. సంఘం అధ్యక్షులవారు మాట్లాడినంతసేపూ బుద్ధిగా ఉన్న మైకు, దేవదానం నోరు తెరిస్తే చాలు, కుయ్యోమంటుంది. బ్రహ్మయ్య ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి దేవదానం జేబులో ఒక చీటీ. ఎవరు ఏమిచ్చినా వెంటనే అందులో ఎక్కాల్సిందే.

ఎనభై ఎనిమిదిలో దిగాడు బాబూరావు. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. నున్నగా దువ్విన జుట్టు, మెడకి టై, చేతిలో నల్ల సంచీ. హాలు గుమ్మంలో ఎదురుపడగానే దేవదానం అలవాటు ప్రకారం "వందనాలండి" అన్నాడు. రేపల్లె గుడి మనుషులు ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడితే అనే మాటే అది.

"అయ్యో, ఇంకా ఏమీ ఇవ్వందే వందనాలేంటి మావయ్యగారూ!" అని బాబూరావు పకపకా నవ్వాడు. "ఇస్తానుగా. అప్పుడు చెబుదురుగాని."

ఇచ్చాడు మహానుభావుడు, ఇవ్వకేం! మొదట పెన్నులు. తర్వాత గోడ గడియారం, దాని మొహం నిండా మందు పేరు. బిస్కెట్ల చోట ఇడ్లీ, ఇడ్లీ చోట పూరీ, చివరికి బిర్యానీ. ఆదివారం పొద్దున క్లాసు కాస్తా బిర్యానీ వేళకు సరిపోయేట్టు పదకొండున్నరకి జరిగింది. సుద్దముక్క పోయి స్లైడు ప్రొజెక్టరు వచ్చింది. సొంత కేసులు పోయి మద్రాసు నుంచి పెద్ద డాక్టర్లు వచ్చారు. హాజరు మూడింతలైంది. ఎన్నడూ క్లాసు మొహం చూడని చెవి ముక్కు గొంతు డాక్టరుగారు కూడా చదువు మీద మక్కువ పుట్టి ముందు వరసలో కూర్చున్నారు. "ఒక్క బిర్యానీకి మనం అమ్ముడుపోతామా ఏంటి?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళు, రెండోసారి వడ్డించుకుంటూ. సోమవారం నుంచి మందుల చీటీల మీద ఆ కంపెనీ మందే రాసేవాళ్ళు, ఆ పెన్నుతోనే.

మూర్తిగారు మాత్రం ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తెచ్చుకుని వెనక బెంచీలో కూర్చునేవారు. అందరికీ ఆయన్ని చూస్తే నవ్వు. దేవదానానికీ లోపల కాస్త నవ్వే. ఎందుకు దాచాలి, వందన సమర్పణ చీటీ పొడుగవుతుంటే ఆయనకి సరదాగానే ఉండేది. సుద్దముక్కకీ టీకీ ఏం వందనాలు చెబుతాం?

తొంభై మే నెలలో తుఫాను వచ్చింది. రేపల్లె వైపు బావులన్నీ ఉప్పునీళ్ళు, బురదనీళ్ళు. పసిపిల్లలకు విరేచనాలు మొదలయ్యాయి. జూన్ క్లాసు మూర్తిగారిది. విరేచనాల పిల్లకి ఉప్పు, పంచదార కొలిచి కలిపిన నీళ్ళు చెంచాతో ఎలా పట్టాలో చేసి చూపిస్తానని గిన్నె, చెంచా కూడా సిద్ధం చేసుకున్నారు. దేవదానం కార్డులు రాసేశాడు. అంతలో అధ్యక్షులవారు పిలిపించారు.

"మూర్తిగారిది వెనక్కి జరుపవయ్యా. బాబూరావు కంపెనీ వాళ్ళు విరేచనాల మీదే మద్రాసు డాక్టరుగారిని తీసుకొస్తున్నారు. ఉప్పునీళ్ళ గురించి వినడానికి ఇంతమంది డాక్టర్లెందుకు? అది ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని."

దేవదానం ఆ కార్డులు చించి కొత్తవి రాశాడు. మద్రాసు డాక్టరు నలభై స్లైడులు వేశాడు. ముప్పై తొమ్మిదింటిలో కంపెనీవాళ్ళ సిరప్పు. ఒక్కదానిలో నీళ్ళ సంగతి ఉంది గానీ అప్పటికే బిర్యానీ గుండిగ మూత తీశారు. దేవదానం లేచి, కంపెనీకీ సిరప్పుకీ పేరుపేరునా వందనాలు సమర్పించాడు. సిరప్పుకి ఇంగ్లీషు పేరేదో ఉంది. రెండు నెలలు తిరక్కుండా రేపల్లె జనం దాన్ని "బిరడా మందు" అన్నారు. నాలుగు చుక్కలు వేస్తే సీసా మూతికి బిరడా కొట్టినట్టు విరేచనం ఆగిపోతుంది మరి.

ఆగస్టులో ఒక ఆదివారం దేవదానం కూతురు రూతు ఇంటికి రేపల్లె వెళ్ళాడు. రూతు అక్కడ బళ్ళో టీచరు. ఆమె బిడ్డ దేవకుమారికి ఎనిమిది నెలలు. తాత గొంతు వినపడితే చాలు, చేతులు చాచే పిల్ల ఆ రోజు కదల్లేదు.

"మూడు రోజుల నుంచి విరేచనాలు నాన్నా. ఇక్కడి డాక్టరు వెంకటరాఘవయ్యగారు మందిచ్చారు. నిన్నటి నుంచి కట్టేశాయి" అంది రూతు సంతోషంగా.

కట్టేశాయి నిజమే. పిల్ల కళ్ళు పీక్కుపోయాయి. మాడు లోపలికి గుంటపడింది. పొట్ట మాత్రం బిగదీసిన డప్పు. ఏడవడానికి నోరు తెరిచింది గానీ కన్నీళ్ళు రాలేదు. కిటికీలో సీసా ఉంది. దేవదానం దాని మీద పేరు చదివాడు. మైకులో తను చదివిన పేరే. 

దొరికిన బండి పట్టుకుని తండ్రీకూతుళ్ళు పిల్లతో తెనాలి వచ్చి మూర్తిగారి గుమ్మంలో పడ్డారు. ఆయన సీసా చూశారు, పిల్లని చూశారు, దేవదానాన్ని చూశారు. తిట్టలేదు. అదే దేవదానాన్ని ఎక్కువ బాధపెట్టింది.

"ఒంట్లో నీళ్ళు పోతున్నాయమ్మా. బయటికి రాకుండా బిరడా పెడితే నీళ్ళు తిరిగొస్తాయా? పేగు పడుకుంది, కదలడం మానేసింది" అని రూతుతో అంటూనే సూది గుచ్చడానికి నరం వెతికారు. పిల్లకి నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. రెండు రోజులు సెలైను. మూడో రోజు పొట్ట మెత్తబడింది. అప్పుడు జూన్ క్లాసులో చూపించాల్సిన గిన్నె, చెంచా తెచ్చి, మూర్తిగారు రూతుకి ఒక్కదానికే క్లాసు చెప్పారు. దేవదానం గుమ్మంలో నిలబడి విన్నాడు. పిల్ల చెంచా చెంచా చప్పరిస్తుంటే ఆయన బయటికెళ్ళి, పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు, కడుక్కున్నదే కడుక్కున్నాడు.

నవంబరులో బాపట్లలో పెద్ద సదస్సు. సముద్రం ఒడ్డున షామియానా. మూడూళ్ళ డాక్టర్లూ కుటుంబాలతో సహా వచ్చారు. భోజనాలయ్యాక ఒక తీర్మానం: వచ్చే ఏడాది నుంచి క్లాసులన్నీ కంపెనీయే నడుపుతుంది, విషయం వాళ్ళది, మాట్లాడేవాళ్ళు వాళ్ళవాళ్ళు. చేతులెత్తితే అయిపోతుంది. మూర్తిగారి గిన్నెకీ చెంచాకీ ఇక శాశ్వతంగా సెలవు. వచ్చే వానాకాలానికి పల్లెపల్లెకీ బిరడా.

ముందురోజు దేవదానం బాబూరావుని అడిగాడు. "ఎవరెవరు ఏమేం ఇచ్చారో రాసివ్వండి బాబూ. ఒక్కటి మరిచినా బ్రహ్మయ్య సంగతి తెలుసుగా."

బాబూరావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. తన కష్టమంతా ఊళ్ళో తెలియాలని ఎవరికుండదు? ఒక్కటి వదలకుండా రెండు పేజీలు రాసిచ్చాడు. అక్షరాలు కూడా ముత్యాల్లా ఉన్నాయి.

సదస్సులో మద్రాసు డాక్టరు మాట్లాడటం అయిపోయింది. వందన సమర్పణ అనగానే సగంమంది వడ్డన వైపు నడిచారు. ఎప్పుడూ జరిగేదే. బ్రహ్మయ్య మాత్రం ఎందుకో లేచి, మైకు హారను ఒకటి భోజనాల వైపు తిప్పాడు. బాబూరావు రాసిచ్చిన కాగితం మడత విప్పాడు దేవదానం. సంఘంలో పని పోతే ఆ వయసులో ఇంకో పని దొరకదు. అయినా గొంతు సవరించుకున్నాడు, కోతపండగనాటి గొంతు.

"ఈనాటి ఉపన్యాసాన్ని బొంబాయి ఆఫీసులో రాయించి, డాక్టరుగారికి పంపించిన కంపెనీవారికి వందనాలు. దాన్ని ఒక్క ముక్క మార్చకుండా చదివినందుకు డాక్టరుగారికి వందనాలు. ఆయన విమానం టిక్కెట్టుకీ, ఆయన సతీమణిగారి టిక్కెట్టుకీ కంపెనీవారికి వందనాలు. సభికులు అడిగిన నాలుగు ప్రశ్నలూ ముందే రాసి పంచినందుకు బాబూరావుగారికి వందనాలు. ఆ ప్రశ్నలు అప్పుడే తట్టినట్టు అడిగిన నలుగురు డాక్టర్లకూ వందనాలు."

పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ఎవరో నవ్వారు, ఎవరో దగ్గారు. అధ్యక్షులవారు "చాలించవయ్యా!" అన్నారు. బాబూరావు మొహం పాలిపోయి, "అన్నీ చదవడానిక్కాదు మావయ్యా, ఊరికే మీకు తెలియాలని..." అంటూ నీళ్ళు నమిలాడు.

"జూన్‌లో జరగాల్సిన ఉప్పునీళ్ళ క్లాసుని ఆపించినందుకు కంపెనీవారికి వందనాలు. ఇది కాగితంలో లేదండి, నేను కలుపుకున్నాను. ఆ క్లాసు కార్డులు చించినందుకు నాకు నేనే వందనాలు చెప్పుకోవాలి. రేపల్లెలో దేవకుమారి అని ఎనిమిది నెలల పిల్ల. నా మనవరాలు. ఆ పిల్ల పేగులకి బిరడా పడటానికి సాయంచేసిన అందరికీ..."

అక్కడితో ఆపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మైకు కీచుమనలేదు. 

ఆ తర్వాత అందరూ బిర్యానీ తిన్నారు. తినకుండా ఎక్కడికి పోతారు? కాకపోతే చేతులు కడుక్కోవడానికి వెళ్ళినవాళ్ళు చేతులెత్తడానికి తిరిగి రాలేదు. అధ్యక్షులవారు తీర్మానం పట్టుకుని ఖాళీ కుర్చీలకేసి చూస్తూ కూర్చున్నారు. మర్నాడు దేవదానాన్ని పనిలోంచి తీసేశామని చెప్పించారు.

హాలు తాళాలు అప్పగించి వస్తూ, గుమ్మంలో ఎదురుపడ్డ బాబూరావుతో దేవదానం "నమస్కారమండి" అన్నాడు. వందనాలకీ నమస్కారానికీ తేడా బాబూరావుకి అర్థమైంది. తల దించుకున్నాడు.

డిసెంబరు రెండో ఆదివారం పొద్దున్నే తెనాలిలో మూర్తిగారి వరండాలో పన్నెండుమంది డాక్టర్లు కూర్చున్నారు. కార్డులు దేవదానమే రాశాడు, జీతం లేకుండా. మైకు అక్కర్లేదు గనక బ్రహ్మయ్య టీ కెటిలు మోసుకొచ్చాడు. ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకున్నారు. ముందుగా లేచింది రేపల్లె డాక్టరు వెంకటరాఘవయ్య. బాపట్ల నుంచి వచ్చాక ఆయన పిల్లని చూడటానికి రూతు ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాడట. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాడు: 'ఎనిమిది నెలల ఆడపిల్ల. విరేచనాలు మూడు రోజులు. చూసిన డాక్టరు, నేనే.'

"స్లైడులో చూశాను, రాసేశాను. పిల్ల కళ్ళు చూడలేదు. నా తప్పు" అన్నాడు. ఎవరూ అరవలేదు. అందరూ రాసుకున్నారు, తలా ఒక రంగు సొంత పెన్నుతో. తర్వాత మూర్తిగారు గిన్నె తీశారు.

చివర దేవదానం లేచాడు. జేబులోంచి చీటీ తీశాడు. రాత్రంతా ఆలోచించినా ఏమీ తోచక ఖాళీగా ఉంచేసిన చీటీ అది. దాన్ని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తన తప్పు తన నోటితో చెప్పిన వెంకటరాఘవయ్యగారికి..." అని వందనాలనే మాట అనబోయాడు. రాలేదు. ఎన్ని వేలసార్లు అన్న మాటో అది. వెంకటరాఘవయ్య లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. దేవదానం అలాగే కూర్చుండిపోయాడు.

ఆ రోజు బ్రహ్మయ్య పేరు చెప్పడం మళ్ళీ మరిచిపోయాడు.  బ్రహ్మయ్య కెటిలు వంచి, ముందుగా దేవదానం గ్లాసులో టీ పోశాడు.